నిలిచి ఉన్న భవనానికి రెండో మెట్లదారి: పని మొదలుపెట్టాక ఎదురయ్యే చిక్కులు

సూరత్ నగర దక్షిణ భాగంలో, పాండేసర పారిశ్రామికవాడకు చేరువలో వడోద్ ప్రాంతం ఉంది. మరమగ్గాలు, అద్దకం మిల్లులు ఉపాధి కల్పించే ఈ నగరానికి తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాలుగా వలస వెళ్తున్నాయి. కార్మికవాడల్లో ఇళ్లు చాలావరకు ఒక్కసారిగా కట్టినవి కావు. కింద ఒక గది, చేతిలో డబ్బు ఆడినప్పుడు దానిపై మరొకటి, అద్దెల కోసం ఇంకొకటి. అంతస్తులు పెరుగుతాయి గాని, మెట్లు మాత్రం మొదట వేసినవే ఉంటాయి.

దాని పర్యవసానాన్ని సూరత్ 2019 మే 24న చూసింది. సర్థాణా ప్రాంతంలోని తక్షశిల వాణిజ్య భవనంలో మంటలు చెలరేగి 22 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు పై అంతస్తులో శిక్షణ తరగతులకు వచ్చిన విద్యార్థులు. పైకి చేర్చే చెక్క మెట్లు మంటల్లో చిక్కుకోవడంతో కొందరు కిటికీల నుంచి దూకవలసి వచ్చింది. 2025 మే 18న హైదరాబాద్ చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్‌లో 17 మందిని బలిగొన్న అగ్నిప్రమాదంలోనూ ఉన్నది ఒకటే ఇరుకు ప్రవేశమార్గం, మీటరు వెడల్పు మెట్లు.

ఇటువంటి వార్తలు విన్న యజమాని రెండో మెట్లదారి వేయించాలని సంకల్పిస్తే మేస్త్రీ వారం రోజుల పని అంటాడు. కాగితం మీద గీసినంతవరకు మెట్లు ఎక్కడైనా సరిపోతాయి. చిక్కులు కొలతలతోనే మొదలవుతాయి.

నివాస గృహాల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లకు మించరాదని, అడుగు పెట్టే చోటు 250 మిల్లీమీటర్లకు తగ్గరాదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. అంతస్తు ఎత్తు 3 మీటర్లనుకుంటే 16 ఎత్తులు ఎక్కాలి. నేల మీద 3.75 మీటర్ల నిడివి కావాలి. పదడుగుల గదిలో అది పట్టదు, మలుపు తిప్పాలి. తలకు 2.2 మీటర్ల ఖాళీ కావాలంటే నాలుగో మెట్టు నుంచి పైన శ్లాబు ఉండకూడదు. తిన్నగా వేసే మెట్లకైతే దాదాపు 3 మీటర్ల పొడవున శ్లాబును కోయవలసి ఉంటుంది.

అసలు ప్రమాదం ఈ కోతలోనే ఉంది. శ్లాబు బరువును మోసే ప్రధాన కడ్డీలు సాధారణంగా గది పొట్టి వైపున, ఒక బీము నుంచి ఎదురు బీముకు సాగుతాయి. కోత పొడవు ఆ కడ్డీల వెంబడి ఉంటే తెగేవి కొన్నే. అడ్డంగా ఉంటే దాదాపు అన్నీ తెగుతాయి. మిగిలిన భాగం ఆ క్షణాన కూలకపోవచ్చు. నెలల తరువాత బీటలు వారవచ్చు. అందుచేత కోతకు ముందే కింద ఆసరాలు నిలిపి, చుట్టూ కొత్త బీములు అమర్చాలి. విడతలుగా కట్టిన ఇళ్లకు నక్షాలు దొరకడం అరుదు. శ్లాబులో కడ్డీలు, విద్యుత్ గొట్టాలు ఎక్కడున్నాయో స్కానర్‌తో తెలుసుకోవాలి. బాల్కనీలనైతే కోయనే కూడదు. వాటిని నిలబెట్టే కడ్డీలు పైభాగాన ఉండి గదిలోపలికి సాగి ఉంటాయి.

బరువు సంగతి చాలామందికి తట్టదు. మీటరు వెడల్పున ఒక అంతస్తుకు వేసే కాంక్రీటు మెట్లు రెండున్నర టన్నుల దాకా తూగుతాయి. ఆ భారం పాత బీము మీద పడుతుందా, కొత్త పునాది మీదనా అన్నది ఇంజినీరు తేల్చవలసిన విషయం. సూరత్‌కు సమీపంలోని సచిన్ పారిశ్రామిక ప్రాంతంలో, పాలి గ్రామంలో, 2024 జూలై 6న బహుళ అంతస్తుల భవనం కూలి ఏడుగురు మరణించారు. పైకి నిలబడి కనిపిస్తున్నంత మాత్రాన భవనం కొత్త భారం మోయగలదని అనుకోవడానికి వీల్లేదు.

ఈ బాధలెందుకని బయట ఇనుప మెట్లు పెట్టేవారున్నారు. వాటి బోల్టులను సగం ఇటుక గోడకు బిగిస్తే కాలక్రమాన ఊడివస్తాయి. పిల్లరుకో బీముకో బిగించాలి. వాటి పునాది గుంతను పాత పునాదికి మరీ దగ్గరగా, దానికంటే లోతుగా తవ్వితే పాతదాని కింద మట్టి జారుతుంది. స్థలం తక్కువని గుండ్రపు మెట్లు ఎంచుకుంటే, 9 మీటర్లకు మించిన ఎత్తుకు అత్యవసర మార్గంగా నియమావళి వాటిని అంగీకరించదు. కిటికీల పక్కగా వేసిన మెట్లు మంటలు వచ్చిన రోజున నడవడానికి పనికిరావు. సముద్రపు గాలి తగిలే సూరత్ వంటి ఊళ్లలో తుప్పు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మరొక పొరపాటు చిన్నదిగా కనిపిస్తుంది. పైన తరువాత పరిచే టైల్స్, వాటి కింది సిమెంటు కలిసి 50 మిల్లీమీటర్ల మందం రావచ్చు. దాన్ని ముందే లెక్కించకపోతే చివరి మెట్టు మిగతావాటికంటే అంత ఎత్తుగా తేలుతుంది. పొగలో కళ్లు కనబడని మనిషి కాలి అలవాటు మీదే నడుస్తాడు. తట్టుకొని పడేది అక్కడే.

పని సాగుతున్నంత కాలం పాత మెట్లను సిమెంటు బస్తాలతో, కర్రలతో మూసివేయకుండా ఉంచాలి. అద్దెకున్నవారికి అదొక్కటే దారి. చివరగా తలుపు. ఇరుకు ఇళ్లలో కొత్త మెట్లు తరచుగా ఎవరో ఒకరి గదిలోకి తెరుచుకుంటాయి. ఆ గదివారు రాత్రి షిఫ్టుకు వెళ్తూ తాళం వేసుకుంటే, మిగతా కుటుంబాలకు మళ్లీ పాత మెట్లే గతి. అందరూ నడిచే వరండాలోకి తలుపు వచ్చేట్టు మెట్ల స్థానాన్ని ముందే నిర్ణయించాలి, అందుకు ఒక గది అద్దె వదులుకోవలసి వచ్చినా.