ఆరు నెలల రాజు సంగతి ఎలా తెలిసింది?

ఈజిప్టులో కొందరు ఫారోలు నిండా ఏడాది కూడా ఏలలేదు. మన శ్రీకాకుళం వైపూ అలాంటి రాజొకడున్నాడు: తూర్పు గాంగ వంశపు కామార్ణవుడు. కళింగనగరం, అంటే నేటి ముఖలింగం, నుంచి అతను ఏలింది అరసంవత్సరమే! గుడి కట్టించే వ్యవధి ఎక్కడిది?

మరి పేరెలా మిగిలింది? కొడుకు వజ్రహస్తుడి పుణ్యం. భూదానం చేసినప్పుడల్లా రాగిరేకుల మీద తన ముందు రాజుల పేర్లూ, వాళ్లు ఏలిన ఏళ్లూ చెక్కించాడు. సింహాసనం తమ వంశానిదేనని చాటుకోవాలిగా! నరసన్నపేట వైపు నడగాంలో దొరికిన తామ్రశాసనం అలాంటిదే.

అతను ఏలిందెప్పుడో తేలాలంటే ఇక తీసివేతలే. వజ్రహస్తుడి పట్టాభిషేకం 1038లో. అంతకుముందు చిన్నాన్న మధుకామార్ణవుడు 19 ఏళ్లు, ఆయనకు ముందు ఇంకో చిన్నాన్న గుండమ 3 ఏళ్లు ఏలారు. అంటే కామార్ణవుడి ఆరు నెలలు 1016 ప్రాంతంలో పడతాయి.