ఇప్పుడేమి చదువుచున్నారు?

మన ప్రాంతములో ఇద్దరు కలిసికొన్నప్పుడు మొదట క్షేమ మడుగుదురు. పిదప వానల సంగతి, పంట ధరల సంగతి, పిల్లల పెండ్లిండ్ల సంగతి అడుగుదురు. "ఈ నడుమ ఏమి చదువుచున్నారు?" అని అడుగువారు అరుదు. ఎవరైన అడిగినను, ఎదుటివారు పరీక్షకు పిలిచినట్లు తడబడి, "ఏదో, చేతికి దొరికినది" అని మాట దాటవేయుదురు. పంటను గురించి గంటసేపు మాటాడగలవారు పుస్తకమును గురించి ఒక నిమిషమైన మాటాడలేకపోవుటకు కారణ మేమి? ఈ ప్రశ్నతో మేము అచ్చంపేట వెళ్ళితిమి. అక్కడ విన్న మాటలను, వానివలన మాకు తోచిన కొన్ని విషయములను ఈ ప్రసంగములో మనవి చేయుచున్నాము.

అచ్చంపేట నల్లమల అంచున నున్న ఊరు. 2016 అక్టోబరు వరకు మహబూబునగరు జిల్లాలో నుండి, అప్పటినుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. ఒకవైపు వేరుసెనగ, ప్రత్తి పండించు మెట్టభూములు. మరియొకవైపు మన్ననూరు మీదుగా శ్రీశైలమునకు పోవు కొండదారి. చేరువనే రంగాపురము కొండపై ఉమామహేశ్వరము. ఇట్టి చోట పుస్తకముల ముచ్చట యెవరికి కావలెనని మాకు ముందుగా కొందరు మిత్రులు హెచ్చరిక చేసిరి. వారి మాట కొంత నిజమైనది, కొంత తప్పినది.

మేము మొదట గ్రంథాలయమునకే పోయితిమి. ఉదయము తొమ్మిది కాకమునుపే బల్లలన్నియు నిండియున్నవి. నిండించినవారు యువతీయువకులు. వారి ముందున్నవి కథలు కావు, కావ్యములు కావు. ఉద్యోగ పరీక్షల పుస్తకములు. పెద్దవారు నలుగురు ఒక మూల పత్రికలు పంచుకొని చదువుచున్నారు. గోడ వెంట బీరువాలలో నవలలు, జీవితచరిత్రలు వరుసగా నిలిచియున్నవి. వానిని కదల్చిన జాడ యంతగా లేదు. ఇది ఒక్క అచ్చంపేట సంగతి కాదు. నేడు మన గ్రంథాలయములు పెక్కింట ఇదే దృశ్యము.

పరీక్షకై చదువువారిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. ఇంటికి ఒక జీతము వచ్చినగాని అప్పు తీరని కుటుంబములు వారివి. ఒక యువకునితో జరిగిన సంభాషణ మాత్రము చెప్పవలసియున్నది. అతని చేతిలో సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఉన్నది. అడిగిన వెంటనే, అది 1949లో వెలువడినదనియు, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొదటి బహుమతి దానికే వచ్చినదనియు, అప్పటికి రచయిత మరణించి రెండేండ్లయినదనియు తడుముకొనకుండ చెప్పినాడు. "మంచిది, ఆ పుస్తకము మీకు నచ్చినదా?" అని అడిగితిమి. అతడు కొంత సేపు ఊరకుండి, "ఆ ప్రశ్న పరీక్షల రాదు సార్" అన్నాడు.

ఆ మాట మమ్ము కొంత బాధించినది. కాని ఆ యువకుని తప్పేమున్నది? అతనిని ఆ ప్రశ్న అంతకుముందు ఎవరును అడిగియుండలేదు. అందుచేత మేము వేరొక విధముగ అడిగితిమి. ఆ గ్రంథము రాజుల యుద్ధములను చెప్పునది కాదు. మన పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలు ఆడిరి, ఏ వృత్తులతో బ్రతికిరి అను విషయములను కావ్యములనుండి, శాసనములనుండి, సామెతలనుండి ఏరి కూర్చిన చరిత్ర. "అందులోని ఆటలలో మీ యూరిలో ఇంకను ఆడుచున్న వేమైన ఉన్నవా?" అనగానే అతని ముఖము మారినది. చిర్రగోనె మొదలుకొని తన చిన్ననాటి ఆటలు వరుసగా చెప్పినాడు. తన నాయనమ్మకు మరికొన్ని తెలియుననియు, ఆ రాత్రి ఆమెను అడిగెదననియు అన్నాడు. అంతవరకు మార్కుల కొరకు ఉన్న పుస్తకము ఆ క్షణమున అతని సొంత పుస్తకమైనది.

దీనివలన తెలియున దేమనగా, అభిప్రాయ మనునది చదువు ముగిసిన పిదప తానై పుట్టదు. ఎవరో ఒకరు సరియైన ప్రశ్న అడిగినపుడు పుట్టును. ఒంటరిగా చదివిన పుస్తకము కొంత కాలమునకు మరపున పడును. ఇంకొకరికి చెప్పుటకు మాటలు వెదకుకొన్నపుడే మనము చదివినది మనకు తెలియును.

ఇది మనకు క్రొత్త సంగతియు కాదు. పల్లెలలో పురాణ కాలక్షేపము జరిగిన దినములను జ్ఞాపకము చేసికొనుడు. ఒకరు పద్యము చదివెడివారు, వేరొకరు అర్థము చెప్పెడివారు, చుట్టు కూర్చున్నవారు నడుమ నడుమ ప్రశ్నించెడివారు. ధర్మరాజు జూదమాడుట తప్పా కాదా అని రచ్చకట్టపై వాదము పెరిగిన రాత్రులు ఎన్నియో. అక్షరము రానివారు గూడ ఆ వాదములో సమానులే.

తెలంగాణమున గ్రంథాలయోద్యమము ఈ నేలపైననే మొలకెత్తినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1906లో కొమర్రాజు వెంకటలక్ష్మణరావుగారు, మిత్రులు కలిసి విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. నల్లగొండ జిల్లావారైన వట్టికోట ఆళ్వారుస్వామిగారు, బాల్యమున వంటపని చేయుచు చదువు నేర్చిన వ్యక్తి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, పుస్తకముల మూటతో ఊరూర తిరిగిరి. కృష్ణా తీరమున 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలపై పడవలో గ్రంథాలయమును నడపిరి. మూటలోనిదైనను పడవలోనిదైనను, పుస్తకము ఒంటరిగా రాలేదు. దానిని గురించి చెప్పు మనిషితో గూడ వచ్చినది. నేడు పుస్తకములు ఉన్నవి. చెప్పు మనిషి కొరవడినాడు.

అభిప్రాయము ఎంత పని చేయగలదో తెలుపుటకు ఒక యుదాహరణము. తెలంగాణములో కవులు లేరను మాట ఒకప్పుడు పత్రికకెక్కినది. ఆ మాటకు సురవరము వారు కోపముతో జవాబు చెప్పి ఊరకుండలేదు. 1926 నుండి తాము నడపుచున్న గోలకొండ పత్రిక ద్వారమున ఊరూర వెదకించి, 354 మంది కవుల వివరములను, వారి పద్యములను చేర్చి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిరి. ఒక తప్పుడు అభిప్రాయము ఒక మంచి గ్రంథమునకు కారణమైనది. అభిప్రాయభేదము వచ్చినపుడు గొంతు పెంచుటకంటె ఆధారము చూపుట మేలని ఇందలి పాఠము.

మరల అచ్చంపేటకు వత్తము. మధ్యాహ్నము ఒక యింటిలో అత్తాకోడండ్రను కలిసితిమి. కోడలు ఆళ్వారుస్వామిగారి 'ప్రజల మనిషి' చదువుచున్నది. 1955లో వెలువడిన ఆ నవల నిజాము కాలపు తెలంగాణపు పల్లెలో దొరల పెత్తనమును, వెట్టిని చిత్రించినది. అత్తగారికి అక్షరములు రావు. పని తీరిన పిదప కోడలు దినమునకు నాలుగు పుటలు పైకి చదువును. ఆమె చిక్కుడుకాయలు గిల్లుచు వినును. "ఎట్లున్నది అమ్మా?" అని మేము అడుగగా ఆ పెద్దామె ఇట్లన్నది: "రాసినది నిజమే బిడ్డా. కని మా అమ్మ చెప్పిన బాధ ఇంతకంటె ఎక్కువనే ఉండె. ఆమె చెప్పుకుంటనే ఏడ్చేది. ఈయన కోపంగ రాసిండు." ఎన్నియో సమీక్షలు చదివిన మాకు, ఇంత చిన్న మాటలో ఇంత సూటియైన విమర్శ వినిన జ్ఞాపకము లేదు. కోడలు నవ్వి, "నేను చదివినప్పుడు కథే కనబడ్డది సార్, అత్తమ్మ విన్నప్పుడు మా ఊరు కనబడ్డది" అన్నది.

ఇక్కడ ఒక ముఖ్యవిషయము గలదు. మంచి అభిప్రాయము చెప్పుటకు పాండిత్యమొక్కటే సాధనము కాదు. బ్రతుకులో తెలిసిన సంగతులు గూడ సాధనమే. ఆస్ట్రియా దేశస్థుడైన హైమెన్‌డార్ఫ్ అను శాస్త్రవేత్త 1940లో అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించి, వారి జీవనమును గురించి ఆంగ్లములో వ్రాసిన గ్రంథము 1943లో వెలువడినది. దానిని దేశదేశముల పండితులు చదివిరి. కాని అందులోని తేనె తీయు విధమును, గడ్డలు త్రవ్వు విధమును గురించి ఇది సరి, ఇది సరికాదు అని చెప్పదగినవారు ఆ కొండలలోని చెంచులే. అచ్చంపేట చేరువనున్న జినుకుంటలో 1928లో జన్మించి 2018లో కీర్తిశేషులైన కపిలవాయి లింగమూర్తిగారు పాలమూరు సీమ స్థలచరిత్రలను అంత విరివిగా వ్రాయగలుగుటకు గూడ ఈ నేల పరిచయమే మూలము.

సరే, అభిప్రాయము ఎట్లు చెప్పవలెను? "బాగున్నది" అనుట అభిప్రాయము కాదు, మర్యాద. "బాగులేదు" అనుటయు అంతే, అది విసుగు. మాకు తోచిన మూడు ప్రశ్నలు చెప్పెదము. మొదటిది: పుస్తకములో ఏమున్నది? దీనిని రెండు మూడు మాటలలో చెప్పలేకున్న మరల ఒకసారి పుటలు తిరుగవేయవలెను. రెండవది: ఎక్కడ ఆగితిరి? కన్నీరు వచ్చియో, నవ్వు వచ్చియో, అనుమానము కలిగియో మనము ఆగిన పుట ఒకటి తప్పక యుండును; మన అభిప్రాయము ఆ పుటలోనే యున్నది. మూడవది: ఈ పుస్తకమును ఎవరి కిచ్చెదరు? "మా తమ్మునికి" అనుటకును, "ఎవరికిని ఇయ్యను" అనుటకును కారణము చెప్పుకొన్నచో విమర్శ పూర్తియైనట్లే.

నాలుగవది ప్రశ్న కాదు, అనుమతి. చదువలేక నడుమ విడిచిన పుస్తకమును గూర్చి దాచకుండ చెప్పవలెను. పేరు మోసిన గ్రంథము నచ్చలేదనుటకు చాలమంది జంకుదురు. నచ్చలేదని ఒకరు చెప్పినపుడే, అది ఎందుకు నచ్చవలెనో వేరొకరు వివరింప గలరు. అందరును మెచ్చుకొను చోట సంభాషణకు తావు లేదు.

దీనికి పెద్ద సంస్థ యక్కరలేదు. నెలకొక సాయంత్రము పదిమంది చాలుదురు. గ్రంథాలయపు వరండాయైనను, బడి గదియైనను, ఒకరి యింటి అరుగైనను సరిపోవును. స్త్రీలు రావలెననిన వంటవేళ తప్పించి సమయము పెట్టవలెను. ఒక్కొక్కరికి ఐదు నిమిషములు. చదువనేరని వారి కొరకు ఒకరు ఒక పుట పైకి చదువవలెను. గ్రంథాలయములో ఒక నోటుపుస్తకముంచి, పుస్తకము తిరిగి యిచ్చువారు అందులో రెండు పంక్తులు వ్రాసిన, తరువాత వచ్చువారికి అదియే దారిదీపము. ఏటేట నవంబరు 14 నుండి జరుగు గ్రంథాలయ వారోత్సవములు దీనికి అనువైన ముహూర్తము. గ్రంథాలయము ఎవరి దయయు కాదు. 1960 నాటి చట్టము ననుసరించి ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున మనమే దానికి చెల్లించుచున్నాము.

గ్రంథాలయ శాస్త్రమునకు పితామహులని పేరొందిన రంగనాథన్‌గారు 1931లో ఐదు సూత్రములను ప్రకటించిరి. ప్రతి పాఠకునికి తగిన పుస్తకము, ప్రతి పుస్తకమునకు తగిన పాఠకుడు దొరకవలెనని అందులో రెండింటి సారము. బీరువాలో కదలక నిలిచిన పుస్తకమునకు తగిన పాఠకుడు బహుశః ఆ యూరిలోనే, రెండు వీధుల అవతల, ఉండవచ్చును. ఆ యిద్దరిని కలుపునది ఒక మాట మాత్రమే.

మేము తిరుగు ప్రయాణమైనపుడు ఆ యువకుడు బస్సు వద్దకు వచ్చినాడు. నాయనమ్మ చెప్పిన ఆటల పేర్లు ఒక కాగితముపై వ్రాసి తెచ్చినాడు. వానిలో రెండు మేము ఎన్నడును విననివి. "ఇవి పుస్తకములో ఉన్నవో లేవో చూడవలె సార్, లేకుంటె రాసిపెట్టుకుంట" అన్నాడు. పరీక్ష ఎట్లున్నను, అతడు పాఠకుడైనాడు.

శ్రోతలారా, ఈ రాత్రి భోజనముల వేళ మీ యింటిలో ఈ ప్రశ్న ఒకసారి అడిగి చూడుడు. అత్తగారిని, అల్లుని, బడికి పోవు పిల్లవానిని, అందరిని అడుగుడు. జవాబు వెంటనే రాకున్న తొందరపడకుడు. మీరు చదువుచున్న దేదో ముందుగా మీరే చెప్పుడు.