వీరుడొక్కడు, వేషాలు అనేకం
ముస్లిం రాజు కొలువులో కత్తి పట్టిన స్పెయిన్ మహావీరుడు ఎల్ సిద్‌ను తర్వాతి తరాలు మత యోధుడిగా మార్చుకున్నాయి

వాలెన్సియా కోట తలుపులు తెరుచుకున్నాయి. తెల్ల గుర్రంపై నిటారుగా కూర్చున్న సేనాని శత్రువుల మీదికి దూసుకొచ్చాడు. చచ్చాడనుకున్న వాడు కళ్లెదుట కనిపించేసరికి శత్రుసేన కాళ్లకు బుద్ధి చెప్పింది. జీనుకు కట్టి ఉన్నది నిజంగానే శవమని వాళ్లకు తెలియదు. ఆంథొనీ మాన్ దర్శకత్వంలో 1961లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'ఎల్ సిద్' పతాక సన్నివేశమిది. చార్ల్‌టన్ హెస్టన్ నటించిన ఆ దృశ్యానికి మూలం బుర్గోస్ సమీపంలోని కార్దెన్యా మఠం సన్యాసులు అల్లిన గాథ. చరిత్రలో అలాంటిదేమీ జరగలేదు. 1099 జులైలో వాలెన్సియా నగరంలో సిద్ మామూలుగానే కన్నుమూశాడు.

అయితే చనిపోయాక కూడా అతనికి విశ్రాంతి దొరకలేదన్న మాట మాత్రం అక్షరాలా నిజం. 900 ఏళ్లుగా ఎవరో ఒకరు తమ అవసరం కొద్దీ అతణ్ని గుర్రమెక్కిస్తూనే ఉన్నారు.

అసలు రోడ్రిగో

అతని పేరు రోడ్రిగో దియాజ్. 11వ శతాబ్దం మధ్యలో కాస్తిల్ రాజ్యంలోని బుర్గోస్ దగ్గర వివార్ గ్రామంలో పుట్టాడని ప్రతీతి. అప్పటికి స్పెయిన్ అనే దేశమే లేదు. 1031లో కార్డోబా ఖలీఫాల పాలన కుప్పకూలడంతో దక్షిణాన చిన్నచిన్న ముస్లిం రాజ్యాలు పుట్టుకొచ్చాయి. ఉత్తరాన క్రైస్తవ రాజ్యాలు. ముస్లిం రాజులు బంగారం రూపంలో కప్పం కడితే క్రైస్తవ రాజులు వాళ్లకు రక్షణ కల్పించేవారు. ఎవరు ఎవరి పక్షాన పోరాడాలన్నది మతాన్ని బట్టి కాక లావాదేవీని బట్టి తేలే రోజులవి.

రోడ్రిగో మొదట కాస్తిల్ రాజు రెండో సాంచో కొలువులో ఎదిగాడు. 1072లో జమోరా ముట్టడి సమయంలో సాంచో హత్యకు గురి కావడంతో తమ్ముడు ఆరో అల్ఫోన్సో గద్దెనెక్కాడు. అన్న హత్యలో తన చెయ్యి లేదని కొత్త రాజు చేత రోడ్రిగో చర్చిలో ప్రమాణం చేయించాడన్నది స్పెయిన్‌లో ప్రతి ఒక్కరికీ తెలిసిన కథ. అదీ తర్వాతి శతాబ్దాల కల్పనే. నిజానికి కొత్త రాజు అతణ్ని ఆదరించాడు. ఉన్నత వంశానికి చెందిన హిమేనాతో రోడ్రిగో పెళ్లి జరిగింది ఈ రాజు హయాంలోనే.

పొరపొచ్చాలు తర్వాత వచ్చాయి. అల్ఫోన్సో రక్షణలో ఉన్న టొలెడో ముస్లిం రాజ్యంపై రోడ్రిగో అనుమతి లేకుండా దాడి చేశాడు. ఫలితం, 1081లో దేశ బహిష్కారం. వెంట సైనికులున్నారు, వాళ్లను పోషించే ఆదాయం లేదు. అతడు సారగోసా ముస్లిం పాలకుడి కొలువులో చేరాడు. సుమారు ఐదేళ్లపాటు ఆ రాజ్యానికి అతడే పెట్టని కోట. 1082లో అల్మెనార్ వద్ద బార్సిలోనా కౌంట్‌ను ఓడించి బందీగా పట్టుకున్నాడు. 1084లో ఆరగాన్ రాజును చిత్తు చేశాడు. ఓడినవాళ్లిద్దరూ క్రైస్తవులే.

అతని బిరుదు పుట్టుకా అక్కడిదే. అరబ్బీలో 'సయ్యిద్' అంటే ప్రభువు. మన ఊళ్లలో ఇంటిపేరులా వినిపించే సయ్యద్ కూడా ఈ మాటే. వాడుకలో అది 'సీదీ' అయింది. స్పానిష్ నోట్లో 'సిద్'గా మారింది. క్రైస్తవ స్పెయిన్ గర్వంగా చెప్పుకునే వీరుడి పేరు అతని ముస్లిం సైనికులు, ప్రజలు పిలుచుకున్న పిలుపు నుంచే వచ్చిందన్నమాట.

వాలెన్సియా ప్రభువు

1086లో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన అల్మొరావిద్ సేనలు అల్ఫోన్సోను జల్లాకా యుద్ధంలో మట్టి కరిపించాయి. గత్యంతరం లేక రాజు రోడ్రిగోను దగ్గరకు తీశాడు. కానీ ఆ సయోధ్య ఎంతోకాలం నిలవలేదు. 1089 నాటికి మళ్లీ బహిష్కారం తప్పలేదు. ఈసారి అతడు ఎవరి కొలువులోనూ చేరకుండా తూర్పు తీరంలోని సంపన్న నగరం వాలెన్సియాపై కన్నేశాడు. నెలల తరబడి ముట్టడించాడు. లోపల జనం ఆకలితో అలమటించారు. 1094 జూన్‌లో నగరం లొంగిపోయింది. అదే ఏడాది అక్టోబర్‌లో క్వార్తే వద్ద అల్మొరావిద్‌లను ఓడించాడు. అంతవరకు స్పెయిన్ నేలపై వాళ్లను ఎదురునిలిచి ఓడించినవాళ్లు లేరు.

వీరగాథలు దాటవేసే ఘట్టం ఆ తర్వాతిది. లొంగిపోయిన నగర పాలకుడు, న్యాయాధికారి ఇబ్న్ జహ్హాఫ్‌ను 1095లో సజీవ దహనం చేయించాడు. పాత రాజును చంపించి నిధులు దాచాడన్నది అతనిపై అభియోగం. వాలెన్సియాకు చెందిన ఇబ్న్ అల్కమా ముట్టడి నాటి వేదనను గ్రంథస్థం చేశాడు. మూలగ్రంథం దొరకకున్నా అందులోని భాగాలు ఇతరుల రచనల్లో మిగిలాయి. మరో అరబ్బీ రచయిత ఇబ్న్ బస్సామ్ అయితే సిద్‌ను తిట్టిపోస్తూనే అతని ధైర్యాన్ని దేవుడి అద్భుతాల్లో ఒకటిగా ఒప్పుకున్నాడు. శత్రువు ఇచ్చిన యోగ్యతాపత్రమది.

సిద్ మరణించాక హిమేనా 1102 వరకూ నగరాన్ని నిలబెట్టింది. ఇక కాపాడలేమని తేలడంతో అల్ఫోన్సో నగరానికి నిప్పు పెట్టించి అందరినీ వెనక్కి తీసుకెళ్లాడు. సిద్ భౌతికకాయం కార్దెన్యా మఠానికి చేరింది. వాలెన్సియా మళ్లీ క్రైస్తవుల వశమైంది 1238లోనే.

కావ్యం చెప్పేది వేరు

అతణ్ని చిరంజీవిని చేసింది 'సిద్ గాథ' కావ్యం. ఇప్పుడు మాడ్రిడ్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఏకైక ప్రాచీన ప్రతి 14వ శతాబ్దానిది. అది 1207 నాటి ప్రతికి నకలు. అందులోని సిద్ మత యుద్ధానికి బయల్దేరిన వాడు కాదు. పోయిన పరువును, కుటుంబాన్ని తిరిగి సంపాదించుకోవాలనుకునే బహిష్కృతుడు. అల్లుళ్లు తన కూతుళ్లను అడవిలో చావగొట్టి వదిలేస్తే కత్తి దూయకుండా రాజసభలో న్యాయం అడుగుతాడు. ఆ కూతుళ్లకు దారిలో ఆతిథ్యమిచ్చి రక్షణగా నిలిచే స్నేహితుడు అబెంగల్బోన్ ఒక ముస్లిం.

ఆ అల్లుళ్ల ఉదంతం కల్పన. అసలు కూతుళ్లు క్రిస్తీనా, మరియా. మరియా బార్సిలోనా కౌంట్ ఇంటి కోడలైంది. క్రిస్తీనా కొడుకు 1134లో నవార్ రాజయ్యాడు. కూలి సేనానిగా బతికిన వాడి రక్తం రాజవంశాల్లో కలిసింది.

సమాధికి తాళం

1808లో నెపోలియన్ సైనికులు కార్దెన్యా సమాధిని కొల్లగొట్టారు. అస్థికలు చెల్లాచెదురయ్యాయి. దొరికిన వాటిని చివరకు 1921లో బుర్గోస్ కెథడ్రల్‌లో ఉంచారు. ఈలోగా 1898లో అమెరికా చేతిలో ఓడి స్పెయిన్ మిగిలిన వలసలను పోగొట్టుకుంది. ఇక సిద్ సమాధికి రెండు తాళాలు వేసి బడుల గురించి, పొలాలకు నీళ్ల గురించి ఆలోచించాలని సంస్కర్త హోకిన్ కోస్తా పిలుపునిచ్చాడు. ఆ తాళాలు ఎంతోకాలం ఉండలేదు. పండితుడు రామోన్ మెనెండెజ్ పిదాల్ 1929లో ప్రచురించిన బృహద్గ్రంథం సిద్‌ను ఆదర్శ వీరుడిగా, జాతి ఐక్యతకు ప్రతీకగా నిలబెట్టింది.

ఆ ప్రతీకను నియంత ఫ్రాంకో అందిపుచ్చుకున్నాడు. అంతర్యుద్ధాన్ని (1936-39) అతని పక్షం మత యుద్ధంగా అభివర్ణించింది. 1955లో బుర్గోస్‌లో సిద్ అశ్వారూఢ విగ్రహాన్ని ఆవిష్కరించింది ఫ్రాంకోనే. ఆ 'మత యుద్ధం'లో అతని తరఫున వేలాది మంది మొరాకో ముస్లిం సైనికులు పోరాడారన్నది చరిత్ర చేసిన పరిహాసం. ఫ్రాంకోకు ఎదురునిలిచి ఓడి, దేశం విడిచిన రచయిత్రి మరియా తెరెసా లెయోన్ కూడా సిద్ మీద, హిమేనా మీద పుస్తకాలు రాసింది. ఒకరికి అతడు విజేత. మరొకరికి సొంతగడ్డకు దూరమైన తోటి ప్రవాసి.

ఆ పెనుగులాట ఆగలేదు. 2019 ఎన్నికల్లో మితవాద పార్టీ వోక్స్ తన ప్రచారాన్ని ముస్లింలపై తొలి విజయానికి ప్రతీక అయిన కొవదోంగా నుంచి మొదలుపెట్టింది. 'రికాంకిస్తా', అంటే పునర్విజయం, దాని నినాదం. ఎనిమిది శతాబ్దాల చరిత్రకు ఆ పేరు విస్తృతంగా అతికింది 19వ శతాబ్దంలోనే. అదే 2019లో నవలాకారుడు అర్తూరో పెరెజ్ రెవెర్తే సిద్ మీద రాసిన నవలకు అరబ్బీ పిలుపునే పేరుగా పెట్టాడు: 'సీదీ'.

2007లో కాస్తిల్-లియోన్ ప్రాంతీయ ప్రభుత్వం సిద్ ఖడ్గంగా చెప్పే 'టిజోనా'ను 16 లక్షల యూరోలకు కొన్నది. అది నిజంగా అతనిదేనా అన్నది నిపుణుల్లో తెగని వివాదం. సాలమాంకాలో మాత్రం 1098 నాటి దానపత్రం ఒకటి ఉంది. వాలెన్సియా కెథడ్రల్‌కు సిద్ రాసిచ్చినది. దాని అడుగున ఉన్న లాటిన్ వాక్యాన్ని అతని స్వహస్తమేనని పండితులు భావిస్తారు. అందులో తన పేరును సాదాసీదాగా రోడ్రిగో అనే రాసుకున్నాడు. బిరుదులన్నీ ఇతరులు తగిలించినవే.