భాషాభ్యాసమునకు స్థలనిర్ణయము: సవర భాష నిదర్శనముగా

వేసవి సెలవులు దగ్గరపడగానే పరిశోధక విద్యార్థులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "ఈ సెలవుల్లో సవర భాష నేర్చుకుందామనుకుంటున్నామండీ, ఎక్కడికి వెళ్లమంటారు?" దీనికి ఒక ఊరి పేరు చెప్పి పంపివేయుట సులభము. కాని ఆ ఊరి పేరుతోనే వారు నేర్వబోవు భాషయొక్క స్వరూపము సగము నిర్ణయమై పోవును. ఒకే భాష సంతలో ఒకరీతిగను, ఇంటి అరుగుమీద ఒకరీతిగను, కొండవాలున ఒకరీతిగను ఉండును. రెండు నెలలు మాత్రమే చేతనున్నవాడు వీనిలో దేనిని వినగోరుచున్నాడో ముందుగా తేల్చుకొనవలెను. బస, బస్సు, భోజనము అను మూడింటిని చూచి స్థలమును నిర్ణయించు ఆచారము మన విద్యార్థులలో ప్రబలముగా నున్నది కనుక, ఈ విషయమును కొంత విపులముగా చర్చింప దలచితిమి.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. స్పానిషు భాష నేర్వగోరి వేసవిలో విదేశములకు పోవువారికిని ఇదే ప్రశ్న యెదురగును. 1218లో వెలసిన సలమాంకా విశ్వవిద్యాలయమున చదివినవానికి చనువుగల పలువురిని సంబోధించు 'వొసోత్రోస్' అను సర్వనామము పట్టుబడును. అట్లాంటిక్ సముద్రము దాటి మెక్సికో చేరినచో ఆ మాట నిత్యవ్యవహారమున వినబడదు. బ్యూనస్ ఐరిస్ నగరమున 'నీవు' అనుటకు 'తూ' పోయి 'వోస్' వచ్చును. దానివెంట క్రియారూపమును మారును. గ్వాటెమాలా దేశమందలి ఆంటిగ్వా పట్టణమున ఒక్కొక్క శిష్యునకు ఒక్కొక్క గురువు చొప్పున బోధించు పాఠశాలలు ప్రసిద్ధములు. అయితే అట్టి పేరుపొందిన చోట్లకు విదేశీయులు పెక్కుమంది చేరుటచే, పాఠశాల గడప దాటగానే ఇంగ్లీషు మాటాడు స్నేహితులే దొరకుదురు. ఇంతకును స్పానిషు నేర్చువానికి వ్యాకరణములును, నిఘంటువులును, అంతులేని వాఙ్మయమును అండగా నున్నవి. స్థలనిర్ణయమున పొరబడినను ఇంటికి వచ్చి సరిదిద్దుకొనగలడు. సవర నేర్చువానికి ఆ వెసులుబాటు లేదు. అతడు తెచ్చిన వ్రాతప్రతియే తరువాతివారికి ఆధారము కావచ్చును.

సవర భాష ముండా శాఖకు చెందినది, ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబములోనిది. ఇరుగుపొరుగున నున్న తెలుగు ద్రావిడభాష, ఒడియా ఆర్యభాష. మనము సవరలని పిలుచువారు తమ్ము తాము 'సోరా' అని చెప్పుకొందురు. శ్రీకాకుళము జిల్లాలో మందస మొదలుకొని మహేంద్రగిరి పాదమునందును, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ప్రాంతములందును, రాష్ట్రసరిహద్దు కావల గజపతి, రాయగడ జిల్లాలందును వీరి గ్రామములు కలవు. ఇంత విశాలమైన సీమలో 'సవర ప్రాంతము' అను ఒకే చిరునామా లేదని గ్రహించుట మొదటి మెట్టు.

ఈ స్థలవిచారమునకు మనకు గల ఉత్తమ నిదర్శనము గిడుగు వేంకట రామమూర్తిగారు. వారు 1863లో శ్రీముఖలింగ సమీపమందలి పర్వతాలపేటలో జన్మించి, విజయనగరమున విద్య నభ్యసించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. పర్లాకిమిడి మహేంద్రతనయ ఒడ్డున నున్న పట్టణము. ఏరు దాటినచో మన పాతపట్నము. అచ్చటి వీథులలో తెలుగు, ఒడియా రెండును వినబడుచుండును. కొండలనుండి సవరలు తమ సరకులతో దిగివచ్చుచుందురు. రామమూర్తిగారు సవర నేర్చుటకు దూరదేశము పోలేదు. బ్రదుకుతెరువు వారి నచ్చటికి చేర్చెను. చెవికి సోకిన భాషను వారు విడువలేదు. తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట నుంచుకొని అతనివలన నేర్చుకొనిరని ప్రసిద్ధి.

ఈ ఇంటి గురువు పద్ధతిని ఇప్పటి విద్యార్థులు ఎక్కువగా మెచ్చుకొందురు. మెచ్చుకొనదగినదే. శబ్దములను మరల మరల పలికించుకొనుటకును, పదముల పట్టిక వ్రాసుకొనుటకును దీనికి మించిన మార్గము లేదు. కాని దీనిలో ఒక లోపము దాగియున్నది. తెలుగు తెలిసినవాడు తెలుగున వేసిన ప్రశ్నకు ప్రత్యుత్తర మిచ్చునపుడు తన భాషను మన వాక్యపు పోతకే సర్ది చెప్పును. సవరలో నామము క్రియలో నిమిడిపోవు విధమొకటి కలదు. విడిగా నున్నపుడు 'కినా' అనగా పులి. క్రియతో కలిసినపుడది 'కిడ్' అని కుదించుకొనును. 'పులి నిన్ను పట్టును' అను మూడు మాటల యర్థమును సవరవాడు ఒక్క క్రియారూపమున చెప్పగలడు. కర్తయే క్రియలో కలిసిపోవు ఈ రీతి ప్రపంచభాషలలో అరుదైనదని భాషాశాస్త్రజ్ఞులు గుర్తించిరి. మనము 'పులి', 'నిన్ను', 'పట్టును' అని విడదీసి యడిగినచో, విడదీసిన సవరయే వచ్చుట సహజము. కలిసిన రూపము మనము అడుగనపుడు, అడవిదారిలో ఒకరి నొకరు హెచ్చరించుకొనునపుడు దొరకును.

రామమూర్తిగారు ఇంటి గురువుతో నాగలేదు, కొండ లెక్కిరి. సవరలకు చదువు చెప్పించుటకు పూనుకొని వాచకములు వ్రాసిరి, పాఠశాలలు పెట్టించిరి. కొండలలో తిరుగుటచే మలేరియా సోకినది. క్వినైను మితిమీరి సేవించుటవలన వినికిడి చెడినది. భాషను చెవితో పట్టవలసిన పండితునకు చెవియే పోవుట యెంతటి నష్టమో వేరుగ చెప్పనేల? అయినను ఆ కృషి నిలిచెను. 1931లో వారి సవర వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. అప్పటికి వారికి డెబ్బదియైదేండ్లు. నడుమ 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేర్పబడగా, వారు రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. 1940లో కాలధర్మము నొందిరి. వారిది ఒక వేసవి పని కాదు. నలువదియేండ్లకు మించిన వ్యాసంగము. ఒక వేసవిలో మనము చేయగలది వారి వ్యాకరణమును చేతబట్టుకొని, వారు చూపిన దారిలో కొంతదూరము నడచుట మాత్రమే. (వ్యావహారికభాషోద్యమ మూలపురుషుని గూర్చి ఈ గ్రాంథికచ్ఛాయలో వ్రాయుచున్నందుకు నవ్వుకొను పాఠకులుందురు. వారి నవ్వు న్యాయమైనదే.)

నేటి విద్యార్థి మొదట తలచుకొను స్థలము సీతంపేట. పాలకొండనుండి బస్సు కలదు, గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయము కలదు, ఆశ్రమపాఠశాలలు కలవు, చదువుకొన్న సవర యువకులు సహాయమునకు దొరకుదురు. 2004 ప్రాంతమున మొదలైన మాతృభాషా విద్యాప్రణాళికవలన తెలుగు లిపిలో సవర వాచకములును వచ్చినవి. ఇవి యన్నియు గొప్ప సౌకర్యములే. అయితే అచ్చట మీరు తడబడుచు సవరలో అడిగిన ప్రశ్నకు చక్కని తెలుగులో సమాధానము వచ్చును. అది వారి మర్యాద. మన అభ్యాసమునకు మాత్రము అదియే ఆటంకము.

సంఖ్యలను చూడుడు. సవరలో పండ్రెండునకు 'మిగ్గల్' అని ప్రత్యేకమైన మాట కలదు. పదమూడు అనగా పదిమీద మూడు కాదు, పండ్రెండుమీద ఒకటి. పందొమ్మిది అనగా పండ్రెండుమీద ఏడు. ఇరువదివద్ద మరల కొత్త మొదలు. ముప్పదిమూడు అనగా ఇరువదియు, పండ్రెండును, ఒకటియు. తొంబదిమూడు అనగా నాలుగిరువదులును, పండ్రెండును, ఒకటియు. పండ్రెండును, ఇరువదియు ఇట్లు జతగా లెక్కకు ఆధారమగు భాషలు ప్రపంచమున మిక్కిలి కొద్ది. సంతలో కూర్చుండి దీనిని వినగోరువాడు నిరాశ చెందును. వర్తకులతో బేరము తెలుగున సాగును గనుక రూపాయల లెక్కయు తెలుగుననే సాగును. సంతకు మించిన భాషాక్షేత్రము లేదని మనలో ఒక నమ్మకము కలదు. తెలుగు మాండలికములు సేకరించువానికి అది నిజము కావచ్చును. ఇచ్చట మాత్రము కాదు.

సరిహద్దు దాటి గజపతి జిల్లా కొండలకు పోయినచో పరిస్థితి మారును. అచ్చట సవరలకు రెండవ భాష ఒడియా. ఒడియా రాని తెలుగు విద్యార్థికి ఊతకఱ్ఱ లేకపోవును. సవర వచ్చితీరవలెను, లేదా మౌనముగా కూర్చుండవలెను. కష్టమైనను భాష త్వరగా పట్టుబడుట కిది అనుకూలము. కాని ఈ కొండలును ఏకరూపముగా లేవు. సెరంగో ప్రాంతమున కెనడా బాప్టిస్టు మిషనువారి కృషివలన రోమను లిపిలో చదువు వ్యాపించినది. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సోరాంగ్ సొంపెంగ్ లిపి నాదరించువారు మరికొందరు. ఒడియా లిపిలో వ్రాయువారు వేరు. ఎవరి లిపి వారి విశ్వాసముతో ముడిపడి యుండుటచే, మీరు ఏ లిపిలో వ్రాసుకొనుచున్నారో చూచియే కొందరు మిమ్ము అంచనా వేయుదురు.

విశ్వాసమును బట్టి భాషయు ఎట్లు మారునో తెలియుటకు పియర్స్ వితెబ్‌స్కీ అను మానవశాస్త్రజ్ఞుని గ్రంథములు చదువవలెను. ఆయన 1970ల నడుమ ఒరిస్సా కొండలకు వచ్చి సవర గ్రామమున నివసించెను. పూజారిణి ఆవేశమున నుండగా ఆమె నోట చనిపోయినవారు మాటాడుటయు, బ్రదికియున్న బంధువులు వారితో వాదించుటయు, నిష్ఠురములాడుటయు, ఏడ్చుటయు ఆయన ప్రత్యక్షముగా వినెను. ఆ సంభాషణలే 1993లో ప్రకటితమైన గ్రంథమునకు వస్తువులు. 2017లో ఆయనయే మరియొక గ్రంథము వెలువరించెను. అప్పటికి ఆ గ్రామముల యువజనులు అధికముగా బాప్టిస్టులైరి; మృతులతో మాటాడు ఆచారము క్షీణించెను. ఆచారముతోపాటు దానికి సంబంధించిన పలుకుబడియు పోవును గదా. అందువలన 'ప్రార్థనామందిరము గల ఊరా, పాతపద్ధతులు నిలిచిన ఊరా' అను ప్రశ్న సవర నేర్చువానికి మతవిషయము కాదు. వ్యాకరణ, నిఘంటు విషయమే. క్రైస్తవ గ్రామమున కీర్తనలు, ఉపన్యాసపు భాష వినబడును. వేరొక గ్రామమున ముదుసలి స్త్రీల జంటపలుకుల మంత్రభాష వినబడును. రెండును సవరయే. సిద్ధాంతవ్యాసమున మాత్రము ఏది విన్నారో స్పష్టముగా చెప్పవలెను.

ఇట్టి జాగ్రత్త సవరకే పరిమితము కాదు. 'గదబ నేర్చెదను' అని బయలుదేరువాడు ఏ గదబ యని తన్ను తానే ప్రశ్నించుకొనవలెను. గుతోబ్ అను గదబ ముండాభాష. సాలూరు ప్రాంతపు గదబ ద్రావిడభాష. జాతి పేరొక్కటి, భాషాకుటుంబములు రెండు. జాతాపుల విషయమున మరియొక చిక్కు: వారి పూర్వభాష కువి యని విని పోయిన విద్యార్థికి పెక్కు గ్రామములలో తెలుగే ఎదురగును.

ఇక ఋతువు. వేసవి సెలవులు మనకు విధింపబడినవే గాని మనము ఎన్నుకొన్నవి కావు. అదృష్టవశమున సీతంపేట కొండలలో అది జీడిమామిడి కాపు కోతకు వచ్చు కాలము. పోడులు కాల్చి తొలకరికి సిద్ధము చేయు కాలము. గ్రామస్థులతో తోటకు పోయి గింజలు ఏరుచు కూర్చున్నవానికి దొరకు మాటలు ప్రశ్నావళిలో దొరకవు. నీటియెద్దడి యుండును, ఊటబుగ్గయొద్ద వరుస నిలువవలసి వచ్చును. అచ్చట స్త్రీల సంభాషణ వినబడును కనుక పరిశోధకురాండ్రకు అది లాభమే. జూను నడుమ వానలు పడగానే జ్వరములు పెరుగును. నేడు మలేరియా పరీక్ష కొద్ది నిమిషములలో తేలును, మందులును మారినవి. అయినను దోమతెర లేక కొండగ్రామమున పండుకొనుట సాహసము కాదు, అజాగ్రత్త.

ఇన్నింటిని ఆలోచించి మేము మా విద్యార్థులకు చెప్పునది యిది. మొదటి రెండువారములు సీతంపేటలో నుండి, చదువుకొన్న సవరయొకరి సహాయమున ధ్వనులను, ముఖ్యముగా కంఠమున ఊపిరి బిగబట్టి పలుకు అచ్చులను, చెవికి అలవరచుకొనుడు. తెలుగు లిపి ఈ అచ్చులను పూర్తిగా చూపజాలదు కావున ధ్వనిలిపి ముందే నేర్చి పొండు. పిదప బస్సుదారికి దూరమైన గ్రామమునకు పొండు. ఊరిపెద్దయైన గమాంగ్ అనుమతి లేనిదే మకాము పెట్టవద్దు. బడికి పోని పసిబిడ్డలును, ఊరు విడువని అవ్వలును ఉన్న ఇంటిని బసకు ఎంచుకొనుడు. ఆ యిరువురును మీకొరకు తెలుగునకు మారరు. పిల్లలు మీ తప్పులకు పకపక నవ్వుదురు. మీరు సరిగా పలుకువరకు నవ్వుచునే యుందురు.

మీకు భాష చెప్పువారికి ఇచ్చు ప్రతిఫలమును వెళ్లకముందే లెక్కించి వ్యయపట్టికలో చేర్చుకొనుడు. జీడికోత దినములలో ఒక పూట మీయొద్ద కూర్చున్నవారు ఒక పూట కూలి పోగొట్టుకొన్నవారే యగుదురు. ఆ మొత్తమునకు తక్కువ ఇయ్యరాదు.