ఎత్తు కొలిచాకే టికెట్

దసరా సెలవులకో వేసవికో పిల్లలను అమ్యూజ్‌మెంట్ పార్కుకు తీసుకెళ్దామని అనుకోగానే చాలా ఇళ్లలో ముందుగా చూసేది ప్రకటన. అందులో రోలర్ కోస్టర్ తలకిందులుగా తిరుగుతుంటుంది, కాలేజీ వయసువాళ్లు చేతులు పైకెత్తి కేకలు పెడుతుంటారు. మన ఇంట్లో ఉన్నది మూడేళ్ల పాప, ఆరేళ్ల బాబు అయితే ఆ బొమ్మలో కనిపించే రైడ్ వాళ్లది కాదు. అందుకే పార్కు ఎంపికను ప్రకటనతో కాకుండా ఇంటి గోడ దగ్గర, టేపుతో మొదలుపెట్టాలి. పిల్లలను చెప్పులు విప్పించి గోడకు ఆనించి నిలబెట్టండి. ఎంత ఎత్తున్నారో సెంటీమీటర్లలో రాసుకోండి.

పార్కుల్లో వయసు కన్నా ఎత్తే ముఖ్యం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, రావిర్యాల దగ్గర 2016లో మొదలైన వండర్‌లాలో టికెట్ కూడా ఎత్తును బట్టే ఇస్తారు. 85 సెం.మీ. కన్నా తక్కువ ఉన్న పిల్లలకు టికెట్ అక్కర్లేదు. 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్, అది దాటితే పెద్దల టికెట్. లోపలికి వెళ్లాక ఒక్కో రైడ్‌కూ మళ్లీ ఒక హద్దు ఉంటుంది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోవాలి.

ఈ సంఖ్యలు ఏ వయసుకు సరిపోతాయో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టికలు పనికొస్తాయి. వాటిలో మధ్యస్థ ఎత్తు అని ఒకటి ఇస్తారు, అంటే ఆ వయసు పిల్లల్లో సగం మంది అంతకన్నా పొట్టిగా, సగం మంది పొడుగ్గా ఉంటారని. రెండేళ్లకు అది సుమారు 87 సెం.మీ. మూడేళ్లకు 95, 96 మధ్య. ఐదేళ్లకు 110కి కాస్త అటూఇటూ. ఏడేళ్లకు 121 దగ్గర. పదేళ్లకు 138. దీన్నిబట్టి 120 సెం.మీ. హద్దు ఉన్న రైడ్ ఏడేళ్ల పిల్లల్లో చాలామందికి ఇంకా సరిహద్దు మీదే ఉంటుంది. 140 హద్దును పదేళ్లు నిండిన పిల్లల్లో కూడా సగానికి పైగా దాటలేరు.

ఈ హద్దుల దగ్గర సిబ్బందితో వాదనకు దిగే తల్లిదండ్రులు కనిపిస్తుంటారు. రెండు సెంటీమీటర్లే కదా, పక్కన నేను కూర్చుంటాను కదా అంటారు. ఆ హద్దు ఎందుకు పెట్టారో వివరంగా చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే పక్కన పెద్దవాళ్లు కూర్చుంటే సరిపోతుందన్న నమ్మకమే చాలాసార్లు ప్రమాదం.

చాలా రైడ్లలో మనిషిని సీటులో పట్టి ఉంచేది ల్యాప్ బార్, అంటే ఒడి మీదికి దిగి బిగుసుకునే కడ్డీ. ఇద్దరు కూర్చునే సీటుకు ఒకే కడ్డీ ఉంటే, అది ఇద్దరిలో లావుగా ఉన్నవారి తొడలకు తగలగానే ఆగిపోతుంది. పక్కనున్న పిల్ల ఒడికీ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ మిగలొచ్చు. బండి ఒక్కసారిగా కిందికి దిగినప్పుడు పెద్దాయన శరీరాన్ని కడ్డీ ఆపుతుంది, పిల్ల శరీరం మాత్రం సీటు నుంచి పైకి లేస్తుంది. బ్రేకు పడినప్పుడు కడ్డీ కిందుగా ముందుకు జారిపోతుంది. అంటే తండ్రి పక్కన ఉండటం వల్లే ఆ కడ్డీ పిల్లకు పనికిరాకుండా పోయిందన్నమాట. చేత్తో గట్టిగా పట్టుకుంటాననుకోవడం కూడా భ్రమే. మలుపులో శరీరం బరువు రెండింతలైనట్టుగా లాగుతుంది, ఆ లాగుడుకు తండ్రి చేయి కూడా లోబడాల్సిందే.

శరీర నిర్మాణంలోనూ తేడా ఉంది. పుట్టినప్పుడు తల పొడవు మొత్తం శరీరంలో నాలుగో వంతు ఉంటుంది, పెద్దయ్యేసరికి సుమారు ఎనిమిదో వంతుకు వస్తుంది. మూడేళ్ల పిల్లకు తల బరువు ఎక్కువ, దాన్ని మోసే మెడ కండరాలకు బలం తక్కువ. సీటులో కూర్చుంటే పాదాలు నేలకు ఆనవు, కాబట్టి తనను తాను నిలబెట్టుకోలేదు. ఎత్తు హద్దులో ఇవన్నీ ఇమిడి ఉన్నాయి. అందుకే బూట్లు తొడిగి, జుట్టు ముడి పైకి కట్టి పిల్లను ఆ గీత దాటించడం సిబ్బందిని మోసగించడం కాదు, కడ్డీ లేని సీటులో పిల్లను కూర్చోబెట్టడం.

సాధారణ జారుడుబల్ల దగ్గర కూడా ఇదే జరుగుతుంది. ఒంటరిగా పంపడానికి భయపడి పసిపిల్లను ఒడిలో పెట్టుకుని జారే అలవాటు మనలో బాగా ఉంది. పిల్ల ఒక్కతే జారుతూ కాలు అంచుకు తగిలితే ఆగిపోతుంది. ఒడిలో ఉన్నప్పుడు పెద్దవారి బరువంతా వెనక నుంచి తోస్తుంది, ఇరుక్కున్న కాలు మెలిపడి మోకాలి కింది ఎముక విరుగుతుంది. ఎముకల డాక్టర్లకు బాగా తెలిసిన గాయం ఇది. పిల్ల తానే జారగలిగేంత చిన్న బల్ల దొరికితే పక్కన నిలబడి చూడండి. దొరకకపోతే ఆ జారుడుబల్ల జోలికి పోకండి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. పార్కులో మొత్తం ఎన్ని రైడ్లున్నాయో మనకు అనవసరం, మన పిల్ల ఎత్తుకు తెరుచుకునేవి ఎన్నో కావాలి. వెబ్‌సైట్‌లో రైడ్ల పేజీ తెరిచి, పిల్ల ఎత్తు కన్నా హద్దు ఎక్కువున్న వాటిని కొట్టేస్తూ పోవాలి. మిగిలిన వాటిలో అమ్మానాన్నలు కూడా ఎక్కగలిగినవి ఏవో గుర్తు పెట్టుకోవాలి. ఈ రెండో గుర్తు ముఖ్యం. పెద్దలు కంచె బయట నిలబడి, పిల్లలు ఒంటరిగా లోపల తిరిగే రైడ్లే ఎక్కువుంటే ఆ రోజు పిల్లలకు కాలక్షేపం, పెద్దలకు కాపలా అవుతుంది. వాల్ట్ డిస్నీ తన కూతుళ్లు లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కుతుంటే బెంచీ మీద కూర్చుని చూస్తూ, పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలని అనుకున్నట్టు చెప్పేవారు. 1955 జులై 17న ఆనహైమ్‌లో తెరుచుకున్న డిస్నీల్యాండ్‌కు మూలం ఆ ఆలోచన. అరవై డెబ్భై ఏళ్లు గడిచినా చిన్నపిల్లల కుటుంబం పార్కును తూచడానికి నాకు అంతకన్నా మంచి కొలత కనిపించలేదు.

రంగులరాట్నం, బొమ్మ రైలు, మెల్లగా సాగే పడవ లాంటివి ఆ కొలతకు నిలుస్తాయి. రంగులరాట్నంలో బయటి వరస గుర్రాలకు పిల్లలు ఎగబడతారు కానీ, ఒకే వేగంతో తిరిగే చక్రంలో మనిషిని బయటికి తోసే బలం మధ్య నుంచి ఎంత దూరముంటే అంత పెరుగుతుంది. మొదటిసారి ఎక్కే పిల్లను లోపలి వరసలో కూర్చోబెట్టి పక్కన నిలబడితే భయం లేకుండా అలవాటు పడుతుంది.

తరువాత క్యూ. పది సీట్లున్న చిన్నపిల్లల రైడ్‌లో ఎక్కించి, తిప్పి, దించడానికి ఐదు నిమిషాలు పడుతుందనుకుందాం. గంటకు పన్నెండు సార్లు తిరిగితే 120 మంది. మన ముందు అరవై మంది ఉంటే అరగంట నిలబడాలి. పెద్దల రైడ్లలో సీట్లు ఎక్కువ కాబట్టి పొడుగు క్యూ కూడా తొందరగా కదులుతుంది. పిల్లల రైడ్లలో క్యూ పొట్టిగా కనిపించి మోసం చేస్తుంది. నాలుగేళ్ల పిల్లకు అరగంట నిలబడటం మనకు అరపూట నిలబడటంతో సమానం. వారం మధ్యలో వెళ్తే ఈ బాధ తగ్గుతుంది. చలికాలంలో మాత్రం బడుల విహారయాత్రల బస్సులు వారం మధ్యలోనే వస్తాయి, కాబట్టి ఫోన్ చేసి ఆ రోజు బడి పిల్లలు వస్తున్నారేమో కనుక్కోవడం మంచిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పొద్దున ఆరింటికి లేపి, గంటన్నర కారులో కూర్చోబెట్టి, సాయంత్రం దాకా తిప్పితే ఆ కునుకు పోతుంది. మూడింటికి మొదలయ్యే ఏడుపు మొండితనం కాదు, నిద్ర. అందుకే ఇంటి నుంచి పార్కుకు ఉన్న దూరాన్నీ, మధ్యాహ్నం పిల్లను పడుకోబెట్టడానికి లోపల నీడ పట్టున చోటుందా అన్నదాన్నీ రైడ్ల సంఖ్యతో సమానంగా చూడాలి. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చిన్న శరీరం పెద్దవాళ్ల కన్నా త్వరగా వేడెక్కుతుంది. చిన్నపిల్లలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న నెలలే సరైన కాలం.

వేసవిలోనే వెళ్లాల్సి వస్తే అందరి చూపూ నీళ్ల మీదికి పోతుంది. ఇక్కడ మరింత జాగ్రత్త కావాలి. మునిగిపోతున్న పిల్ల సినిమాలోలా చేతులు కొట్టుకుంటూ అరవదు. నోరు నీటి పైకి వచ్చిన ఆ క్షణంలో ఊపిరి తీసుకోవడానికే సరిపోతుంది, పిలవడానికి మిగలదు. పసివాళ్లకు మోకాలి లోతు కూడా ప్రమాదమే. కాబట్టి లైఫ్‌గార్డు ఉన్నాడని నిశ్చింతగా ఉండకుండా, చేయి చాస్తే అందేంత దూరంలో ఇంటి పెద్దవారు ఒకరు ఉండాలి, ఆ పూటకు వారి ఫోన్ లాకర్‌లో ఉండాలి. అలలు వచ్చే వేవ్ పూల్ ఈ వయసువారికి కాదు. ఘాటైన క్లోరిన్ వాసన వస్తే నీళ్లు శుభ్రంగా ఉన్నాయని కూడా అనుకోవద్దు. క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్లు అనే పదార్థాల వాసన అది. అడుగు స్పష్టంగా కనిపిస్తూ, ఘాటు లేని నీళ్లే నయం. నీళ్ల రైడ్లకు నైలాన్ దుస్తులు తప్పనిసరి చేసే పార్కులున్నాయి, పిల్లలవి ఇంటి దగ్గరే కొని తీసుకెళ్లండి.

ఈ కొలతలతో హైదరాబాద్ చుట్టూ చూస్తే నా ఎంపిక ఇలా ఉంటుంది. చిన్నవాళ్లకు నాలుగేళ్ల లోపే ఉంటే బహదూర్‌పురాలోని నెహ్రూ జంతు ప్రదర్శనశాల అన్నిటికన్నా మేలు. 1963 నుంచి ఉన్న ఆ 380 ఎకరాల్లో చెట్ల నీడ ఉంది, బొమ్మ రైలు ఉంది, ఏనుగును చూడటానికి ఎత్తు హద్దు లేదు. సోమవారం సెలవన్న సంగతి గుర్తుంచుకోవాలి. విశాఖవాసులకు కైలాసగిరి కొండ మీది బొమ్మ రైలు ఆ పని చేస్తుంది. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్‌లో సున్నా కన్నా తక్కువ చలిలో పరిమిత సమయమే ఉంచుతారు కాబట్టి అది రోజంతటి కార్యక్రమం కాదు. వేసవి మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికి బాగుంటుంది, చలికి ఊపిరి పట్టేసే పిల్లలకు మాత్రం వద్దు.

విజయవాడ రహదారిలోని రామోజీ ఫిల్మ్ సిటీలో చిన్నవాళ్ల కోసం ఫండుస్తాన్ అనే భాగం ఉంది. అయితే ఆ ప్రాంగణం చాలా పెద్దది, చూపించడం బస్సులో తిప్పుతూ సాగుతుంది. సినిమా సెట్లు పెద్దలకు ఆసక్తి, మూడేళ్ల పిల్లకు అవి గోడలే. ఐదారేళ్లు నిండాక, తాతయ్య, అమ్మమ్మ కూడా వస్తామంటే అది చక్కటి ఎంపిక, ఎందుకంటే బస్సులో కూర్చునే అవకాశం వాళ్లకూ అవసరమే. వండర్‌లా అసలు బలం పెద్ద రైడ్లలో ఉంది. ఇంట్లో చిన్నవాళ్లు 120 దాటేదాకా ఆగితే ఆ టికెట్‌కు న్యాయం జరుగుతుంది. పదకొండేళ్ల అక్క, మూడేళ్ల తమ్ముడు ఉంటే మాత్రం ఆగడం అక్కకు అన్యాయం. అప్పుడు అమ్మ అక్కతో, నాన్న తమ్ముడితో విడిపోయి, మధ్యాహ్నం మారాలి. పెద్దవాళ్లు ఇద్దరే ఉన్నప్పుడు ఇద్దరు పిల్లలకు మించి తీసుకెళ్లకపోవడం మంచిది.

నాంపల్లిలో సాధారణంగా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్‌లో, జాతర్లలో, తిరునాళ్లలో జెయింట్ వీల్, కొలంబస్ లాంటివి కొద్ది వారాలకో రోజులకో బిగించి విప్పేస్తారు. వాటి ఆనందం తక్కువేమీ కాదు. కానీ అక్కడ చూడాల్సినవి మనమే చూడాలి. సీటు గొళ్లెం పూర్తిగా పడుతోందా, నడిపేవారు ప్రతి సీటునూ చేత్తో లాగి చూస్తున్నారా, పిల్లల ఎత్తును ఎవరైనా అడుగుతున్నారా? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే చిన్నవాళ్లను దూరంగానే ఉంచి, పీచుమిఠాయి కొనిపెట్టి తీసుకురండి.

అన్నీ సరిచూసుకుని వెళ్లాక పిల్ల ఎక్కనంటే ఎక్కించకూడదు. టికెట్ డబ్బు ఎలాగూ ఖర్చయింది, ఏడిపించి ఎక్కిస్తే అది తిరిగి రాదు. నాలుగేళ్ల లోపు పిల్లలకు వేషం వేసుకున్న మనిషికీ నిజమైన రాక్షసుడికీ తేడా పూర్తిగా తెలియదు కాబట్టి భూతాల ఇంటికి అసలే తీసుకెళ్లవద్దు.

గేటు లోపలికి అడుగుపెట్టే ముందు చేయాల్సినవి రెండు. పిల్ల ముంజేతి మీద పెన్నుతో మీ ఫోన్ నంబరు రాయండి. ఆ రోజు వేసుకున్న బట్టలతో తల నుంచి కాళ్ల దాకా కనిపించేలా ఫొటో తీయండి, తప్పిపోతే సిబ్బందికి వెంటనే చూపించడానికి అది కావాలి. నీళ్ల దగ్గర బట్టలు మార్చాక ఇంకో ఫొటో తీయాలి, నంబరు చెరిగిపోయి ఉంటే మళ్లీ రాయాలి.