విశ్రాంతియు సాధనయే

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలని మనవారి సామెత. పరుగునకును నిలుకడకును పొత్తు కుదరదని దాని తాత్పర్యము. కాని ఆ రెంటికి పొత్తు కుదిర్చి, కొలువు విడువకయే లోకప్రసిద్ధమైన పరుగు పందెమును గెలిచినవాడొకడున్నాడు. ఆయన ఆ నాటికి బడి కార్యాలయములో దస్త్రములు చూచుకొను గుమాస్తా. జపాను దేశీయుడు. పేరు యూకీ కవౌచి.

మారథాన్ పరుగు నిడివి 42.195 కిలోమీటర్లు. జపానులో దీనికి గల ఆదరణ ఇంతింత కాదు. అచ్చట పెద్ద వ్యాపారసంస్థలు పరుగువీరులకు ఉద్యోగములిచ్చి, జట్లుగా కూర్చి, శిక్షకులను నియమించి పోషించును. అట్టివారిలో పెక్కుమందికి ఉద్యోగము పేరునకే. పరుగే అసలు పని. కవౌచి అట్టి జట్టులో చేరలేదు. 2009లో పట్టభద్రుడై, సైతామా ప్రాంత ప్రభుత్వపు కొలువులో ప్రవేశించినాడు. పగలు పనిపాటలు చేసికొనువారి కొరకు సాయంకాలపు తరగతులు నడుపు ఉన్నత పాఠశాలలో ఆయనకు పని దొరికినది. మధ్యాహ్నము 12 గంటల 45 నిమిషములకు మొదలై, రాత్రి 9 గంటల 15 నిమిషములకు గాని ఆ పని ముగియదు. ఇక తనదని చెప్పుకొనుటకు మిగిలినది ఉదయమొక్కటే. ఆ ఉదయమున సుమారు రెండు గంటలు పరుగెత్తి, ఆపై కొలువునకు పోవుచుండెడివాడు.

జట్లలోని వీరులు రోజునకు రెండు పూటలు సాధన చేయుదురు. వారిలో పలువురు నెలకు 1000 కిలోమీటర్లు పరుగెత్తుదురు. కవౌచి పరుగెత్తినది ఒక్క పూట. నెలకు సుమారు 600 కిలోమీటర్లు. అందును కఠినమైన సాధన వారమునకు రెండు దినములే: ఒకనాడు వేగపు పరుగు, మరొకనాడు దూరపు పరుగు. తక్కిన దినములలో ఒడలు నొవ్వని మెల్లని పరుగు. చూచువారికిది కొరతగా తోచవచ్చును. కాని ఆయన దీనిని తెలిసియే ఎన్నుకొన్నాడు.

ఆ తెలివి ఊరక వచ్చినది కాదు. ఉన్నత పాఠశాలలో చదువుకొను రోజులలో ఆయనకు దినదినమును కఠోర సాధనయే. దాని ఫలముగా దెబ్బమీద దెబ్బ తగిలి, పరుగు మాని కూర్చుండవలసి వచ్చినది. పిమ్మట గకుషుయిన్ విశ్వవిద్యాలయములో శిక్షకుడు కఠిన సాధన దినములను తగ్గించినాడు. తగ్గించిన కొలది వేగము పెరిగినది! జపాను విద్యార్థులు ప్రాణముగా భావించు హకోనే జట్టు పరుగులో 2007లోను, 2009లోను పాల్గొను యోగ్యత ఆయనకు లభించినది.

ఇందులో మాయ యేమియు లేదు. పరుగెత్తునప్పుడు బలము పెరగదు, తరుగును. కండరముల పోగులు సూక్ష్మముగా చిట్లును. వానిలో దాచియున్న చక్కెర నిల్వ హరించును. ఆ చిట్లినవి అతుకుకొని, మునుపటికంటె గట్టిపడునది విశ్రాంతి వేళలోనే, ముఖ్యముగా నిద్రలోనే. విత్తనము చల్లినంత మాత్రమున పంట రాదు. నేలకు పదును కావలెను. పరుగు విత్తనమైనచో విశ్రాంతి పదును. అంతియే కాదు, కొలువులోని అలసట ఒక ఖాతాలోను, పరుగులోని అలసట వేరొక ఖాతాలోను శరీరము వ్రాసికొనదు. అంతయు ఒక్కటే పద్దు. పని ఒత్తిడి హెచ్చిన వారమున పరుగు తగ్గించుకొనుట పిరికితనము కాదు, లెక్క తెలియుట.

ఆ లెక్క ఫలించినది. 2011లో టోక్యో మారథాన్‌లో ఆయన మూడవవాడుగా వచ్చి, జట్ల వీరులను ఆశ్చర్యమున ముంచినాడు. 2013లో సియోలు నగరమున 2 గంటల 8 నిమిషముల 14 సెకండ్లలో గమ్యము చేరినాడు. 2018 ఏప్రిల్ 16న అమెరికాలోని బోస్టనులో జడివాన, ఎదురుగాలి, ఎముకలు కొరుకు చలి. పేరుపొందిన వీరులెందరో నడుమనే విరమించుకొనిరి. ముందు పోవుచున్న ప్రపంచ విజేత జెఫ్రీ కిరుయిని ముగింపు సమీపించుచుండగా దాటి, గుమాస్తా గెలిచినాడు. జపాను పురుషుడు అచ్చట గెలుచుట 1987 తరువాత అదియే మొదలు. కవౌచి పుట్టినదియు ఆ సంవత్సరముననే!

ఆయన మార్గమంతయు అందరికి అనుసరణీయమని కాదు. సాధనకు తోడు లేక పందెములనే సాధనగా భావించి, ఆయన ఏటా పరుగెత్తిన మారథాన్లకు సామాన్యులు తాళలేరు. మరియు 2019లో ఆయన కొలువు విడిచి పూర్తికాలపు పరుగువీరుడైనాడు. తన జీవితములోని మేలైన పరుగు, 2 గంటల 7 నిమిషముల 27 సెకండ్లది, 2021లో బివా సరస్సు మారథాన్‌లో పరుగెత్తినాడు. కాలము చేజిక్కుట మంచిదే. కాని కొలువులో ఉండగా సాధించిన దానికిని దీనికిని తేడా ఎంత? 47 సెకండ్లు!

పరీక్షలు దగ్గరపడగానే నిద్ర మానుకొను విద్యార్థియు, దినమంతయు పాఠములు చెప్పి అర్ధరాత్రి వరకు జవాబు పత్రములు దిద్దు ఉపాధ్యాయుడును కాలము చాలదని వాపోవుదురు. ఆ బడి గుమాస్తాకును కాలము చాలలేదు. ఉన్న రెండు గంటలను నిండుగా వాడుకొని, మిగిలిన వేళ శరీరమును దాని పని దానిని చేసికొననిచ్చినాడు. నిలుచుట తెలిసినవాడు పరుగెత్తియు పాలు త్రాగగలడు.