ఇప్పచెట్టు కింద నిప్పు

2014 మార్చిలో శేషాచలం అడవి అంటుకుని మంట తిరుమల వైపు వచ్చినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు మోసుకొచ్చి పోశాయి. కొండమీద ఊరుంటే, ఆ ఊళ్లో దేవుడుంటే, మంట అందరి కళ్లలోనూ పడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఏటా ఎండాకాలం రేగే మంటలకు ఆ భాగ్యం లేదు. అక్కడ పచ్చికొమ్మలతో బాది ఆర్పడమే ఎక్కువ.

ఆ నిప్పు ఎక్కణ్నుంచి వస్తుంది? చాలాసార్లు ఇప్పచెట్టు కింద నుంచి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాత్రంతా రాలుతుంది. ఎండుటాకుల్లో పడితే ఆ లేతపసుపు కంటికి ఆనదు. అందుకని పువ్వు ఏరుకునే గిరిజనులు ముందే ఆకు కాల్చి నేల నల్లగా చేస్తారు. తునికాకు బాగా చిగురించాలని పెట్టే నిప్పు ఇంకొకటి. ఆర్పకుండా ఇంటికి పోతే గాలి మిగతా పని చూసుకుంటుంది. దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని మన మాట. ఇక్కడ మంట కొండెక్కిందంటే అడవి అంటుకున్నట్టే.

ఇది చెట్ల కొనలు అందుకునే మంట కాదు, నేలబారుగా పాకేది. పెద్ద మానులు తట్టుకుంటాయి. మొలకలు మాడిపోతాయి, వాటిలో ఇప్ప మొలకలూ ఉంటాయి.

తప్పంతా గిరిజనుల మీదికి నెట్టేముందు కాస్త వెనక్కి వెళ్లాలి. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండొంతులు రిజర్వు చేసి, పోడునూ వేటనూ అటవీ ఫలసాయం ఏరుకోవడాన్నీ ఆపాలని తలపెట్టింది. దాన్ని ఎదిరిస్తూ 1910లో అక్కడి కాంగేర్ అడవుల్లో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. నెతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ పేరు అందులో ముందుంటుంది. మామిడికొమ్మ, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరూరూ తిరిగి కబురు చేరవేశాయి. తిరుగుబాటును అణిచేశారు గానీ, రిజర్వు చేయదలచిన అడవిని దాదాపు సగానికి తగ్గించక తప్పలేదు.

1927 అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. చట్టం అవసరమే. కానీ నేరమన్నాక, నిప్పు పెట్టినవాడు దాన్ని ఆర్పేందుకు అక్కడ నిలబడతాడా? పట్టుబడతానని ముందే తప్పుకుంటాడు. కాపలా ఉండాల్సిన మనిషే మాయమవుతాడు.

ఇప్పుడు ఉపగ్రహాలు మంట ఆచూకీ చెబుతున్నాయి. వాటిలోని ఒక పరికరానికి ఒక్కో చుక్క 375 మీటర్ల మేర నేల. ఒక చెట్టు కింది చిన్న మంట దానికి ఆనకపోవచ్చు. మంటను ఉపగ్రహంతో వెతకడం కంటే చెట్టు కింద వల కట్టడం తేలిక. ఛత్తీస్‌గఢ్‌లో కొన్నిచోట్ల మొదలైంది కూడా. పువ్వు వలలో పడుతుంది, మట్టి అంటదు, ధరా మెరుగ్గా వస్తుంది. కింద ఎండుటాకు ఎంత ఉన్నా దాన్ని కాల్చే పనిలేదు.